రోడ్డే ప్రయోగశాల

ప్రయోగం అనగానే మీకు పరీక్షనాళిక, స్పిరిటు దీపం, లిట్మసు కాగితం గుర్తుకు వస్తాయి. ప్రయోగశాల అంటే నాలుగు గోడలూ, ఒక పొడవాటి బల్లా ఉండి తీరాలని కూడా అనుకుంటారు. కాని ఒక దేశ రాజధానినే ప్రయోగశాలగా చేసుకుని, అక్కడి రోడ్లమీద ఏడు నెలలపాటు ప్రయోగం నడిపి, ఆ తరువాత దాన్ని ఎత్తివేసి, "ఇప్పుడు చెప్పండి, ఇది మళ్ళీ కావాలా, అక్కరలేదా?" అని ఊరివాళ్ళనే అడిగిన ఉదంతం ఒకటి ఉంది. ఆ ఊరు స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోమ్. ప్రయోగం జరిగింది 2006లో.

ఆ సంగతిలోకి వెళ్ళేముందు ఒక మాట. "ఫలానా వీధిలో వాహనాల రాకపోకలను ప్రయోగాత్మకంగా నిషేధించారు" అని పత్రికల్లో అప్పుడప్పుడూ వార్త చూస్తుంటారు. కూడలిలో రెండు ఇనుప అడ్డుగడలు వెలుస్తాయి. నాలుగు రోజుల ముచ్చటేలే అనుకుంటాం. ఒక్కొక్కప్పుడు ఆ నాలుగు రోజులు నాలుగేళ్ళవుతాయి. ఒక్కొక్కప్పుడు వారం తిరగకుండానే అడ్డుగడలు మాయమవుతాయి. ఎందుకు ఉంచారో, ఎందుకు తీశారో చెప్పగలవారు ఉండరు. ఎవరూ లెక్కపెట్టి ఉండరు కనుక! 'ప్రయోగాత్మకం' అన్న మాట వాడినంత మాత్రాన అది ప్రయోగం కాదు. సైన్సు చదువుకుంటున్న మీరు ఆ మాట దగ్గర ఆగి, ఏం కొలుస్తున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఎప్పుడు ఆపుతారు అని అడగాలి.

పోల్చడం ఎందుకో మీకు తెలుసు. ఒక కుండీలోని మొక్కకు ఎరువు వేశారు. నెలకు అది జానెడు పెరిగింది. ఎరువు వల్లనే పెరిగిందా? వానలు కురవడం వల్ల పెరిగిందేమో! అందుకే పక్కన ఎరువు వేయని కుండీ ఒకటి ఉంచుతాం. రెండిటికీ ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే నీరు. తేడా ఎరువు ఒక్కటే. అప్పుడు గాని మాట తేలదు.

కాని స్టాక్‌హోమ్ ఒక్కటే ఉంది. ఎరువు వేయని రెండో స్టాక్‌హోమ్‌ను ఎక్కడినుంచి తేవడం? చిక్కంతా ఇక్కడే ఉంది. దానిని వారు ఎలా విడదీశారో చూడండి.

నీళ్ళ మధ్య ఊరు

మేలారెన్ అనే పెద్ద సరస్సు బాల్టిక్ సముద్రంలో కలిసేచోట, 14 దీవులమీద కట్టిన నగరం స్టాక్‌హోమ్. నగరం నడిబొడ్డుకు పోవాలంటే దాదాపు ఎటునుంచి వచ్చినా ఏదో ఒక వంతెన దాటాలి. వంతెనలు కొన్నే, కార్లు వేలకు వేలు. పొద్దున పనికి పోయేటప్పుడూ, సాయంత్రం ఇళ్ళకు మళ్ళేటప్పుడూ బారులు తీరి నిలిచిపోయేవి.

ప్రభుత్వం చేసిన ఆలోచన ఇది: నగరం నడిబొడ్డు చుట్టూ ఒక ఊహారేఖ గీద్దాం. పనిదినాలలో ఉదయం 6.30 నుంచి సాయంత్రం 6.30 లోపల ఆ గీత దాటే ప్రతి కారు, లోపలికి పోయినా బయటికి వచ్చినా, సుంకం చెల్లించాలి. మామూలు వేళల్లో 10 క్రోనాలు, రద్దీ పెరుగుతుంటే 15, మరీ కిక్కిరిసిన వేళల్లో 20. రోజంతా తిరిగినా 60 క్రోనాలకు మించదు. శని ఆదివారాలు ఉచితం. బస్సులకు, ఆంబులెన్సులకు, అగ్నిమాపక వాహనాలకు సుంకం లేదు. గీత దాటే చోట్లు 18. మన చెక్‌పోస్టుల్లాగా అక్కడ గడ అడ్డం పెట్టి, వాహనాన్ని ఆపి, చిల్లర వెతికించే పని లేదు. పైన బిగించిన కెమెరాలు నంబరు పలక ఫోటో తీస్తాయి, లెక్క యజమాని పేర రాసుకుంటారు. బళ్ళను ఆపి సుంకం వసూలు చేస్తే, తగ్గించదలచిన వరసను తామే పెంచినట్లవుతుంది కదా!

జనం దీనికి సుముఖంగా లేరు. మొదలుపెట్టే ముందు, 2005 చివరి నెలల్లో అడిగితే, కావాలన్నవారు మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే. కనుక ప్రభుత్వం దీన్ని శాశ్వతంగా పెట్టలేదు. 2006 జనవరి 3 నుంచి జూలై 31 వరకు మాత్రమే అమలు చేస్తామనీ, సెప్టెంబరులో ప్రజలను ఓటు అడుగుతామనీ ముందే తేదీలు ప్రకటించింది. ఆపే తేదీ ముందే చెప్పిన ప్రయోగం మీద జనానికి ఒక నమ్మకం ఉంటుంది. గిట్టనివారు కూడా, సరే, జూలైదాకా చూద్దాం అనుకోగలుగుతారు.

ఒకసారికి ఒకటే

స్టాక్‌హోమ్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. కారు మానుకున్నవారు ఎలా వస్తారు? బస్సులు పెంచాలి. దాదాపు 200 కొత్త బస్సులు, 16 కొత్త మార్గాలు వేశారు. వీటిని సుంకంతోపాటు జనవరిలో మొదలుపెట్టలేదు, 2005 ఆగస్టు 22ననే మొదలుపెట్టారు. అంటే నాలుగు నెలలకు పైగా బస్సులు ఉన్నాయి, సుంకం లేదు. ఆ నెలల్లో కార్లు తగ్గాయా? చెప్పుకోదగినంత తగ్గలేదు.

రెండూ ఒకే రోజున మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేది? జనవరిలో కార్లు తగ్గితే ఒకరు బస్సుల వల్ల అంటారు, మరొకరు సుంకం వల్ల అంటారు. ఇద్దరి మాటా కాదనలేం. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలని మీరు లోలకం ప్రయోగంలో నేర్చుకున్నారు. దారం పొడవు మార్చేటప్పుడు గుండు మార్చరు. అదే నియమాన్ని ఇక్కడ ఒక నగరం పాటించింది.

జనవరి 3 వచ్చింది. సుంకం మొదలైంది. గీత దాటే వాహనాల సంఖ్య పడిపోయింది. ప్రయోగం జరిగిన నెలలన్నిటినీ 2005లోని అవే నెలలతో పోల్చి చూస్తే తగ్గుదల సుమారు 22 శాతం. అవే నెలలతో ఎందుకు పోల్చాలి? స్వీడన్‌లో జనవరి అంటే మంచు, చీకటి. జూలై అంటే సెలవులు. జనవరి కార్లను ముందటి అక్టోబరు కార్లతో పోలిస్తే మంచు చేసిన పనిని సుంకం ఖాతాలో రాసినట్లవుతుంది.

22 శాతం పెద్ద సంఖ్యేమీ కాదే, అయిదు కార్లలో ఒకటి పోయింది, అంతేగా, అని మీకు అనిపించవచ్చు. కాని బారుల్లో నిలబడి వృథా అయ్యే కాలం ఉదయం వేళ మూడో వంతు, సాయంత్రం వేళ సగం దాకా తగ్గింది. అయిదో వంతు కార్లు తగ్గితే నిలబడే కాలం సగం ఎలా తగ్గుతుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఒక వంతెన మీదుగా నిమిషానికి 50 కార్లు పోగలవనుకుందాం. ఉదయం 7.30 నుంచి 8.30 దాకా నిమిషానికి 55 కార్లు వస్తున్నాయి. నిమిషానికి 5 కార్లు మిగిలిపోతాయి. గంటకు 300 కార్ల వరస. సరిగ్గా 8.30కి వచ్చిన కారు తన ముందున్న 300 కార్లూ పోయేదాకా, అంటే 6 నిమిషాలు ఆగాలి. ఆ తరువాత నిమిషానికి 40 కార్లే వస్తున్నా, వరస నిమిషానికి 10 చొప్పున మాత్రమే తరుగుతుంది. పూర్తిగా కరగడానికి మరో అరగంట! ఇప్పుడు రద్దీ గంటలో వచ్చే కార్లను పదో వంతు తగ్గించండి. నిమిషానికి 55 బదులు 49.5. వంతెన 50 పంపగలదు. వరసే లేదు! కార్లు తగ్గింది పదో వంతే, ఎదురుచూపు మాత్రం మొత్తం పోయింది.

గరాటులో నూనె పోసేటప్పుడు గమనించారా? కాడ ఎంత లాగుతుందో అంతే పోస్తే చుక్క నిలవదు. కాస్త ఎక్కువ పోయగానే గరాటు నిండి పొర్లుతుంది. ఆ 'కాస్త'లోనే అంతా ఉంది. నిజమైన రోడ్లు మన లెక్కంత సులువు కావు, కూడళ్ళు ఉంటాయి, ఒక వరస తోక మరొక వీధిని మూసేస్తుంది. అందుకే స్టాక్‌హోమ్‌లో వరసలు మొత్తం పోలేదు. కాని కారణం ఇదే.

మరి ఆ కార్లు ఏమైనట్టు? పనికి పోయేవారు చాలామంది రైళ్ళకు, బస్సులకు మళ్ళారు. ఆ వసంతంలో వాటి ప్రయాణికులు దాదాపు 6 శాతం పెరిగారు. బజారు పనులమీదా, చుట్టపుచూపుగానూ తిరిగేవారు రెండు ప్రయాణాలను ఒకటి చేసుకోవడం, వేరే చోటికి పోవడం, వేళ మార్చుకోవడం వంటివి చేశారు. తమాషా ఏమిటంటే, తాము అలవాటు మార్చుకున్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. ఇది వింతగా తోస్తే మీ తరగతి హాజరు పట్టీ చూడండి. 40 మంది ఉన్న తరగతిలో రోజుకు 8 మంది రాలేదనుకోండి. అయిదో వంతు బల్లలు ఖాళీ. కాని రోజూ ఆ 8 మందే కాదు. నెలకు 25 పనిదినాలైతే మొత్తం 200 గైర్హాజరులు. 40 మందికీ పంచితే తలకు 5 రోజులు. "నేను రోజూ వస్తూనే ఉన్నాను, ఏదో నాలుగైదు రోజులు తప్పితే" అని ప్రతివాడూ అంటాడు. ప్రతివాడి మాటా నిజమే!

తీసివేసి చూడడం

ఇంతవరకూ 'ముందు', 'ఆ తరువాత' చూశాం. అయినా ఒక గడుసు విద్యార్థి లేచి, "మాస్టారూ, ఆ ఏడాది పెట్రోలు ధర పెరిగి కార్లు తగ్గాయేమో?" అనవచ్చు. మంచి ప్రశ్న. దీనికి జవాబు జూలై 31 తరువాత దొరికింది. చెప్పిన మాట ప్రకారం సుంకం ఆపేశారు. కెమెరాలు పని మానాయి. కార్లు తిరిగి వచ్చాయి. కారణం పెట్రోలే అయితే, సుంకం తీసిన మర్నాటినుంచే కార్లు ఎందుకు పెరగాలి?

అయితే పూర్తిగా పాత సంఖ్యకు రాలేదు. 2005 కన్నా 5 నుంచి 10 శాతం తక్కువగానే ఉండిపోయాయి. మీలో విద్యుదయస్కాంతం చేసినవారికి ఇది అర్థమవుతుంది. ఇనుప మేకుకు తీగ చుట్టి విద్యుత్తు పంపితే గుండుసూదులు అంటుకుంటాయి. విద్యుత్తు ఆపితే రాలిపోతాయి. కాని ఒకటో రెండో పట్టుకుని వేలాడుతూనే ఉంటాయి. మేకులో కొంత అయస్కాంతత్వం మిగిలిపోతుంది. మనుషుల్లోనూ అలాగే కొంత అలవాటు మిగిలింది. ఏడు నెలలు బస్సెక్కినవాడు బస్సులో పత్రిక చదువుకోవడం బాగానే ఉందని కనిపెట్టి ఉంటాడు.

2006 సెప్టెంబరు 17న ఓటింగు జరిగింది. ఓటు వేసేవారు మూడు స్థితులనూ చూశారని మరువకండి: సుంకం లేని ఊరు, సుంకం ఉన్న ఊరు, సుంకం తీసేసిన ఊరు. లేనప్పుడు ఎలా ఉండేదో ఆగస్టు నెల వారికి మళ్ళీ గుర్తుచేసింది. స్టాక్‌హోమ్ నగరంలో చెల్లిన ఓట్లలో 53 శాతం 'కావాలి' అన్నాయి.

కథ ఇక్కడితో కంచికి పోలేదు. నగరం చుట్టుపక్కల 14 పురపాలక సంఘాలు కూడా తమ ప్రజలను ఓటు అడిగాయి. అక్కడ మొత్తం మీద వద్దన్నవారే ఎక్కువ. వారి వాదం ఏమిటి? "లోపల ఉండేవారికి గాలీ మీదే, ఖాళీ వీధులూ మీవే. గీత దాటి పనికి వచ్చేది మేము. సుంకం కట్టేదీ మేమే. నిర్ణయం మాత్రం మీదా?" దీన్ని తీసిపారేయడానికి వీలులేదు. ఎన్ని కార్లు తగ్గాయి అన్నది లెక్కపెట్టే ప్రశ్న, దానికి సైన్సు జవాబు చెబుతుంది. ఎవరి ఓటును లెక్కలోకి తీసుకోవాలి అన్నదానికి ఏ కెమెరా జవాబు చెప్పదు. ఆ ఎన్నికల్లోనే అధికారానికి వచ్చిన కొత్త ప్రభుత్వం నగరం తీర్పును స్వీకరించింది. అయితే వచ్చిన సొమ్మును ఆ ప్రాంతపు రోడ్లకు ఖర్చు చేస్తామని చెప్పింది. చుట్టుపక్కలవారికి అది కొంత ఊరట.

2007 ఆగస్టు 1న సుంకం శాశ్వతంగా మొదలైంది. కార్లు మళ్ళీ తగ్గాయి, ఈసారీ ఇంచుమించు అయిదో వంతే. నన్నడిగితే మొత్తం ప్రయోగంలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. పెట్టారు, తగ్గాయి. తీశారు, పెరిగాయి. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తగ్గాయి. స్విచ్చి వేస్తే దీపం వెలిగి, తీస్తే ఆరి, మళ్ళీ వేస్తే మళ్ళీ వెలిగినప్పుడు, దీపానికీ స్విచ్చికీ సంబంధం లేదని ఎవరనగలరు? రెండో స్టాక్‌హోమ్ లేకపోయినా, ఉన్న స్టాక్‌హోమ్‌నే రెండుసార్లు వాడుకున్నారన్నమాట. ఆ తరువాత ఏళ్ళు గడిచినా తగ్గుదల నిలిచింది. 2016 జనవరిలో సుంకాన్ని పెంచారు కూడా.

ఇంకొక సంగతి ఉంది. సుంకం వల్ల నగరం నడుమ గాలిలో కాలుష్యం 5 నుంచి 15 శాతం తగ్గిందనీ, చిన్నపిల్లల్లో తీవ్రమైన ఉబ్బసం కేసులు తగ్గాయనీ తరువాత జరిగిన ఒక పరిశోధన తెలిపింది. గాలి వెంటనే బాగుపడింది. పిల్లల ఊపిరితిత్తుల్లో ఆ మేలు కనపడడానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 7 నెలల ప్రయోగంతోనే ఆగి ఉంటే ఆ మేలులో చాలా భాగం ఎవరి కంటా పడేదే కాదు. తాత్కాలిక ప్రయోగానికి ఉన్న లోపం ఇదే. త్వరగా కనిపించేవాటినే అది చూపిస్తుంది.

ముందుగా రుచి చూపకుండా ఓటు అడిగిన ఊరు కూడా ఉంది. స్కాట్లండులోని ఎడింబరో నగరం ఇటువంటి సుంకం గురించే 2005 ఫిబ్రవరిలో ప్రజలను అడిగింది. 74 శాతం వద్దన్నారు. పథకం అంతటితో ముగిసింది. స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్ నగరంలో ఏ ప్రయోగమూ లేకుండా 2013 జనవరి 1న సుంకం పెట్టేశారు. మరుసటి ఏడు ఓటు అడిగితే 57 శాతం వద్దన్నారు. అయినా సుంకం కొనసాగింది, ఆ ఓటు సలహా వంటిదే గాని కట్టుబడవలసినది కాదు కనుక. ఇంతమాత్రాన ప్రయోగం జరిపితే జనం ఒప్పుకుంటారు, లేకపోతే ఒప్పుకోరు అని సూత్రం రాసేయకండి. మూడు ఊళ్ళు మూడు రకాలు. మన కుండీల నియమం ఇక్కడా వర్తిస్తుంది.

పక్క వీధితో పోలిక

పోల్చడానికి ఇంకొక మార్గం ఉంది. ఊరు రెండోది లేకపోవచ్చు గాని, అదే ఊళ్ళో పక్క పేట ఉంటుంది. న్యూయార్కు వాళ్ళు చేసినది అదే.

న్యూయార్కులోని మన్‌హటన్ వీధులు చదరంగం బల్లమీది గళ్ళలా ఉంటాయి. బ్రాడ్‌వే అనే పాత వీధి ఒక్కటి మాత్రం ఆ గళ్ళకు అడ్డంగా, ఏటవాలుగా పోతుంది. అది మరో రెండు వీధులు కలిసే కూడలికే వచ్చి తగులుకుంటుంది. ఇద్దరు పంచుకోవలసిన పచ్చదీపాన్ని అక్కడ ముగ్గురు పంచుకోవాలి. 90 సెకన్ల కాలం ఇద్దరికైతే తలా 45, ముగ్గురికైతే తలా 30. కనుక 2009 మే నెలాఖరులో టైమ్స్ స్క్వేర్ దగ్గర 42 నుంచి 47వ వీధి దాకా, హెరాల్డ్ స్క్వేర్ దగ్గర 33 నుంచి 35వ వీధి దాకా బ్రాడ్‌వే మీద వాహనాలు నిషేధించారు. ఖాళీ అయిన చోట మడత కుర్చీలు వేశారు. ఒక రోడ్డును మూసేస్తే మిగతా రోడ్లలో వేగం పెరుగుతుందని చెబితే నమ్మడం కష్టమే!

కొలిచినదెలా? న్యూయార్కు టాక్సీల్లో అవి ఎప్పుడెక్కడ ఉన్నాయో నమోదు చేసే పరికరాలు ఉంటాయి. 11 లక్షల పైచిలుకు టాక్సీ ప్రయాణాలను లెక్కగట్టారు. బ్రాడ్‌వే మూసిన పడమటి పేటలో, ఉత్తరానికి పోయే ప్రయాణాల వేగం అంతకు ముందటి ఏడాదికన్నా 17 శాతం పెరిగింది. భేష్ అనుకుని అక్కడే ఆగిపోతే తప్పులో కాలేసినట్లే. ఏ మార్పూ చేయని తూర్పు పేటలో కూడా వేగం 8 శాతం పెరిగింది. మూసివేతతో నిమిత్తం లేని ఏవో కారణాలు నగరమంతటా పనిచేస్తున్నాయన్నమాట. ఆ 8 తీసేస్తే మూసివేతకు దక్కేది 9 మాత్రమే. దక్షిణానికి పోయే ప్రయాణాలు పడమటి పేటలో 2 శాతం నెమ్మదించాయి, అదే వేళ తూర్పున 3 శాతం వేగం పెరిగింది. అంటే ఆ దిక్కున నష్టమే.

రోడ్డు వేగం సంగతి ఇలా తేలీ తేలకుండా ఉంది. మరి శాశ్వతం చేయడానికి ఊతం ఏది? దెబ్బలు తగిలిన పాదచారుల సంఖ్య 35 శాతం, వాహనాల్లోనివారి సంఖ్య 63 శాతం తగ్గింది. నడిచేవారు ఇరుకై రోడ్డుమీదికి దిగడం టైమ్స్ స్క్వేర్‌లో 80 శాతం తగ్గింది. 2010 ఫిబ్రవరిలో మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ మూసివేతను శాశ్వతం చేస్తున్నట్టు ప్రకటించారు. వేగం కోసం మొదలుపెట్టిన ప్రయోగాన్ని ప్రాణాల కోసం నిలబెట్టారని విమర్శించినవారున్నారు. ఏం కొలవబోతున్నామో ముందే ప్రకటించడం ఎంత అవసరమో ఇందుకే చెబుతున్నాను. అయినా, లెక్కలన్నీ, కలిసిరాని దక్షిణపు లెక్కతో సహా, బయటపెట్టారు. మెచ్చుకోవలసిన పని అది.

బ్రిటన్‌లో ఈ వ్యవహారానికి చట్టమే ఉంది. ప్రయోగాత్మకంగా పెట్టిన రోడ్డు ఆంక్ష 18 నెలలకు మించి నడవకూడదు. మొదటి 6 నెలలు ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. గడువులోగా శాశ్వతం చేయాలి, లేదా అది తనంతట తానే పోతుంది. నాలుగు రోజులు నాలుగేళ్ళు కావడానికి వీల్లేదు.

మన దేశంలో 2016 జనవరి 1 నుంచి 15 వరకు ఢిల్లీలో సరి, బేసి నంబర్ల పద్ధతి పెట్టారు. బేసి తేదీన బేసి నంబరు కార్లు, సరి తేదీన సరి నంబరు కార్లు. గాలి బాగుపడిందా అన్నదానిమీద పరిశోధకులు తలా ఒక మాట చెప్పారు. ఆశ్చర్యం లేదు. జనవరిలో ఢిల్లీ గాలిని పొగమంచూ, గాలివాటమూ రోజుకొక తీరుగా మారుస్తాయి. 15 రోజులంటే చాలా తక్కువ. పైగా బస్సులు చాలవని, బడి బస్సులను వాడుకోవడానికి ఆ రోజుల్లో బళ్ళకు సెలవులిచ్చారు! బడి పిల్లలను దింపే కార్లు ఆగిపోవడం వల్ల ఎంత తగ్గిందో, నంబర్ల వల్ల ఎంత తగ్గిందో ఇక విడదీయడం ఎలా? స్టాక్‌హోమ్‌లో బస్సులను నాలుగు నెలల ముందు వేయడం ఎందుకంత నచ్చిందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. అదే ఏడు ఏప్రిల్‌లోనూ, 2019 నవంబరులోనూ ఢిల్లీ మళ్ళీ ఆ పద్ధతి పెట్టింది. ఏ సారీ అది శాశ్వతం కాలేదు.

మీరూ చేయండి

మీ బడి గేటు ముందు పొద్దున స్కూటర్లు, ఆటోలు కిక్కిరిసి, చిన్న తరగతుల పిల్లలు వాటి మధ్యనుంచి దూరి రావలసి వస్తుందా? మీ ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, గేటుకు నూరు గజాల దూరంలోనే పిల్లలను దింపాలనే నియమాన్ని రెండు వారాలు పెట్టి చూడమనండి. ముందు రెండు వారాలు నియమం లేకుండా లెక్కపెట్టండి. గేటు లోపలే నిలబడండి, రోడ్డుమీదికి పోవద్దు. గంట కొట్టడానికి అరగంట ముందునుంచి, నిమిషం నిమిషానికి గేటు ముందు ఎన్ని వాహనాలు ఆగి ఉన్నాయో రాయండి. తరువాత నియమం ఉన్న రెండు వారాలు. తరువాత తీసివేసి మళ్ళీ రెండు వారాలు. పండుగలు, పరీక్షలు, వాన రోజులు పుస్తకంలో పక్కన గుర్తు పెట్టుకోండి. నూరు గజాల అవతల, కొత్తగా దింపే చోట కూడా ఒకరిని ఉంచి లెక్కపెట్టించడం మరిచిపోకండి. గేటు దగ్గర తగ్గిన రద్దీ అంతా అక్కడికి చేరిందేమో చూడాలి కదా! ఆ చోట ఎవరి ఇల్లు, ఎవరి కిళ్ళీకొట్టు ఉందో కనుక్కుని, వారికి ఎలా ఉందో కూడా అడిగి రాసుకోండి.